కార్న్ స్నేక్ లెక్కతో నాలుగు రకాలు: ఒక ర్యాట్ స్నేక్ గది కేసు

డాలస్ ఉత్తర శివార్లలో రెండంతస్తుల ఇల్లు. పై అంతస్తులో ఒక గది, అందులో ఎనిమిది పాములు: కార్న్ స్నేక్, టెక్సాస్ ర్యాట్ స్నేక్, తైవాన్ బ్యూటీ, మాండరిన్ ర్యాట్ స్నేక్, రకానికో జత చొప్పున. పెంచుతున్నాయనకు కార్న్ స్నేక్‌తో ఆరేళ్ళ అనుభవం ఉంది. మిగతా మూడు రకాలూ ఒకే వేసవిలో వచ్చి చేరాయి. అన్నీ ర్యాట్ స్నేకులే కదా అని అన్నిటికీ కార్న్ లెక్కే పెట్టారు. టబ్బులో ఒక కొసన 31 డిగ్రీల సెల్సియస్ వేడి, వారానికో మేత, చలికాలంలో మూడు నెలలు మేత ఆపి హీట్ మ్యాట్లు కట్టేయడం.

మరుసటి జూన్‌కి గది పరిస్థితి ఇలా ఉంది. బ్యూటీల్లో పెద్దది ఆరు వారాల్లో మూడుసార్లు మేత కక్కింది, మూత తీస్తే చాలు మీదికి వస్తోంది. మాండరిన్ ఆడది ఏడు వారాలుగా మేత ముట్టలేదు, 310 గ్రాములది 262కి దిగింది. టెక్సాస్ ఆడది గుడ్లు పెట్టింది గానీ రెండు గుడ్లు లోపలే ఆగిపోయాయి. కార్న్ జతకు మాత్రం ఏ లోటూ లేదు, 18 గుడ్లు పెట్టి హాయిగా ఉంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. కార్న్ బాగుంది కాబట్టి ఏర్పాటు బాగున్నట్టే, తప్పు మిగతా పాముల స్వభావంలో ఉన్నట్టే అనుకున్నారు. కార్డుల మీద కూడా అలాగే రాసుకున్నారు: బ్యూటీ "కోపిష్టి", మాండరిన్ "మొండి", టెక్సాస్ "బద్ధకం".

పేరు దగ్గర తికమక

తెలుగువాళ్ళకు ర్యాట్ స్నేక్ అనగానే జెర్రిపోతు గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది దాని సంగతి కాదు. జెర్రిపోతు, అంటే టయాస్ మ్యూకోసా, ఎలుకను చుట్టి బిగించదు. నోట పట్టి ఒంటితో నేలకు అదిమి, బతికుండగానే మింగేస్తుంది. ఈ కేసులోని నాలుగూ చుట్టి బిగించి చంపే జాతులు. వాటిలోనూ చుట్టరికం అంతంతమాత్రమే. కార్న్, టెక్సాస్ రెండూ అమెరికావి, పాంథెరోఫిస్ ప్రజాతివి. తైవాన్ బ్యూటీ ఎలఫీ టెన్యూరాలో ఒక ఉపజాతి. మాండరిన్ చైనా, ఉత్తర వియత్నాం కొండ ప్రాంతాలది, యూప్రెపియోఫిస్ ప్రజాతి. వాడుక పేరులో "ర్యాట్ స్నేక్" ఉన్నంత మాత్రాన నాలుగింటికీ ఒకే వేడి, ఒకే మేత నప్పాలని ఎక్కడా లేదు.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పాలి. జెర్రిపోతునే కాదు, మన దేశంలో తిరిగే చాలా పాముల్ని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుదరదు. అమెరికాలో రాష్ట్రం మారితే నిబంధన మారుతుంది. టెక్సాస్‌లో కార్న్ స్నేక్‌ని బ్రీడర్ దగ్గర కొని పెంచుకోవచ్చు. అదే జార్జియాలో అయితే అది అక్కడి స్థానిక పాము, ఇంట్లో ఉంచడానికి వీల్లేదు. ఉద్యోగం మారి డాలస్ నుంచి అట్లాంటాకి సామాను కట్టేవాళ్ళు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ముందు గదిని కొలవడం

పాముల జోలికి వెళ్ళే ముందు గదిలో మూడు చోట్ల డేటా లాగర్లు, అంటే వేడిని ఎప్పటికప్పుడు నమోదు చేసే పరికరాలు పెట్టి వారం రోజులు వదిలేశారు: ర్యాక్ పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి, నేల మీద ఒకటి. ర్యాక్ పై అరకీ కింది అరకీ మూడు డిగ్రీల తేడా వచ్చింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు కలిసి రావాలని ఏసీ స్మార్ట్ థర్మోస్టాట్‌ని పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా 84 ఫారన్‌హీట్‌కి వదిలేస్తున్నారు. టెక్సాస్ ఎండకు పై అంతస్తు ఇంకాస్త కాగి, మధ్యాహ్నం 2 నుంచి 5 మధ్య పై అర దగ్గర 31 డిగ్రీలు నమోదైంది. మాండరిన్లు ఉన్నది ఆ పై అరలోనే. 27 దాటితే ఇబ్బంది పడే పాముకి కింద హీట్ మ్యాట్, పైన కాగిన గాలి. ఇక టబ్బులో చల్లటి వైపు అనేది ఎక్కడుంటుంది?

రెండో లోపం బ్యూటీ టబ్బు కింద దొరికింది. మ్యాట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తెర మీద 31 అని ఉంది, ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో టబ్బు అడుగును చూస్తే 38. దాని ప్రోబ్‌కి, అంటే వేడిని కొలిచే తీగ కొసకి వేసిన టేపు ఊడి, తీగ మ్యాట్‌కీ టబ్బుకీ మధ్య గాలిలో వేలాడుతోంది. అది గాలి వేడిని కొలిచి మ్యాట్‌కి ఇంకా ఇంకా కరెంటు ఇస్తోంది. ప్రోబ్‌ని మ్యాట్ మీదే, టబ్బు అడుగు నొక్కుకునే చోట, అల్యూమినియం టేపుతో రెండు చోట్ల అంటించాలి. నెలకోసారి గన్‌తో సరిచూడాలి. థర్మోస్టాట్ తెర చూపే అంకె ప్రోబ్ ఉన్న చోటుది మాత్రమే. పాము పడుకున్న చోట ఎంత వేడి ఉందో అది చెప్పదు.

బ్యూటీ ఎప్పుడు చూసినా టబ్బు రెండో కొసకి అతుక్కుని ఉండేది. "ఒకచోట కుదురుగా ఉంటుంది" అని కార్డులో రాసి ఉంది. నిజానికి వేడి తట్టుకోలేక గోడకి నక్కింది.

తైవాన్ బ్యూటీ: కాటులో రెండు రకాలు

బ్యూటీ ఆరడుగులు దాటి పెరిగే పాము, సన్నటి ఒళ్ళు, చురుకు ఎక్కువ, ఎత్తులెక్కే అలవాటు. భయపడితే మెడ ముందు భాగాన్ని నిలువుగా ఉబ్బించి, ఎస్ ఆకారంలో వెనక్కి ముడుచుకుని, నోరు తెరిచి విసురుతుంది. చూసేవాళ్ళకి అది కోపంలాగే ఉంటుంది.

కాటు వేసిన తర్వాత ఏం చేస్తుందో చూస్తే రకం తెలుస్తుంది. భయంతో వేసింది కొట్టి వెంటనే వదిలేస్తుంది, వెనక్కి లాక్కుంటుంది. మేత అనుకుని వేసింది పట్టుకుని వదలదు, చేతికి చుట్టుకుంటుంది. ఈ పాము రెండూ చేస్తోంది. మొదటిదానికి కారణం పై నుంచి మూత తీయడం. చెట్ల మీద బతికే పాముకి నెత్తి మీద నుంచి వచ్చేది గద్దో, డేగో. రెండోదానికి కారణం ఏడు రోజులకోసారి మూత తెరుచుకోవడం, తెరిచినప్పుడల్లా ఎలుక రావడం. మూత తెరవడమంటే మేతే అని దానికి నేర్పింది పెంచినవాళ్ళే.

మార్పులు ఇవి. టబ్బు తీసేసి ముందు తలుపు ఉన్న పెట్టె పెట్టారు: ఆరడుగుల పొడవు, రెండడుగుల లోతు, మూడడుగుల ఎత్తు. నేల నుంచి రెండడుగుల మీద మణికట్టు లావు కొమ్మ ఒకటి, దాని చివర గోడకి బిగించిన దాక్కునే డబ్బా. గాజు తలుపుకి బయట కాగితం అంటించి, వారానికి ఒక చేయి వెడల్పు చొప్పున కిందికి దించుతూ నాలుగు వారాల్లో తీసేశారు. తలుపు తీసిన ప్రతిసారీ ముందు హుక్‌తో పాము నడుం దగ్గర మెల్లగా తాకాలి. తాకితే మేత లేదు, తాకకపోతే మేత. మూడు నాలుగు వారాల్లో పాముకి ఈ తేడా పట్టుబడింది. మేత పటకారుతోనే, అదీ 40 సెంటీమీటర్లకు తక్కువ లేనిదానితో. నాలుగు నెలల తర్వాత ఆ పాము చేతి మీద పాకుతుంది గానీ నిలవదు. ముందుకే పోతూ ఉంటుంది. భుజాన వేసుకుని టీవీ చూసే రకం కాదిది, ఆ ఆశతో కొనకండి.

ఇక కక్కడం. కక్కిన ప్రతిసారీ మేత 120 నుంచి 130 గ్రాముల మీడియం ఎలుక. పాము 1,100 గ్రాములు. అంకెల్లో చూస్తే 12 శాతం కూడా దాటలేదు, మరి ఎందుకు కక్కినట్టు? బ్యూటీ ఒళ్ళు పొడవే గానీ నడుం సన్నం. తూకం చూసి కాదు, నడుం లావు చూసి మేత ఎంచాలి. ఎలుక పాము నడుం కంటే లావుగా ఉండకూడదు. కార్న్‌కి, టెక్సాస్‌కి ఒకటింపావు రెట్లు చెల్లుతుంది. దానికి తోడు 38 డిగ్రీల అడుగు, మేత తిన్న మర్నాడే టబ్బు శుభ్రం చేయడానికి పామును ఎత్తడం. మూడు కారణాలూ ఒకేచోట చేరాయి.

కక్కిన పాముకి మళ్ళీ మేత పెట్టే తొందర ఎక్కువమందికి ఉంటుంది, పాపం చిక్కిపోతుందని. అదే రెండోసారి కక్కేలా చేస్తుంది. కక్కినప్పుడు కడుపులోని ఆమ్లంతో పాటు జీర్ణానికి పనికొచ్చే సూక్ష్మజీవులు కూడా పోతాయి, గొంతు మంట పుడుతుంది. ఇక్కడ 14 రోజులు నీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు. తర్వాత ఒకే ఒక హాపర్, అంటే వెంట్రుకలొచ్చిన 10 గ్రాముల చుంచు పిల్ల. పది రోజులకు 20 గ్రాములు, ఇంకో పది రోజులకు 40. ఆ తర్వాత 45 గ్రాముల వీనర్, అంటే పాలు మానిన ఎలుక పిల్ల దగ్గరే ఆపి, ఎనిమిది రోజులకోసారి పెడుతున్నారు. బ్యూటీకి చిన్న మేతలు దగ్గర దగ్గరగా పడాలి. పెద్ద మేత, పెద్ద ఎడం దానికి పడవు.

మూడుసార్లు వరసగా కక్కిన ఏ ర్యాట్ స్నేక్‌కైనా క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి లేదని తేల్చుకోవాలి. కక్కిన తర్వాత ఒంటి మధ్యలో గట్టి ఉబ్బు కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. ఈ పామును సరీసృపాల పశువైద్యుడికి చూపించి, కడుపు కడిగిన నీటితో పీసీఆర్ పరీక్ష చేయించారు, ఆ జీవి లేదని తేలింది. ఫలితం వచ్చేదాకా ఆ పెట్టెకి వేరే పటకారు, వేరే నీళ్ళ గిన్నె, గదిలో ఆఖరున దాని పని. బ్లీచ్‌తో తుడిస్తే సరిపోతుందనుకునేవాళ్ళు చాలామంది. ఈ జీవి బ్లీచ్‌కి లొంగదు.

మాండరిన్: మేత కంటే ముందు చల్లదనం

బూడిద రంగు ఒంటి మీద నల్లటి పలకలు, వాటి నడుమ పసుపు, అందుకే అందరూ కొంటారు. కొన్నాక ఆ పలకలు కనపడవు, పాము ఎప్పుడూ మట్టిలోనే ఉంటుంది. కరవడం చాలా అరుదు. తాకితే మాత్రం ఒళ్ళంతా ఒక్కసారి విదిలించి ఎగిరిపడుతుంది, తెలియనివాళ్ళు చేతిలోంచి జారవిడుస్తారు. దీన్ని చేతిలోకి తీసుకోవాల్సింది తూకానికీ, శుభ్రానికీ మాత్రమే.

దీన్ని పై అర నుంచి దించి, అదే గదిలోని అల్మరాలో నేల మీద పెట్టారు. హీట్ మ్యాట్ లేదు. గది ఏసీ పగలంతా 75 ఫారన్‌హీట్ దాటకుండా షెడ్యూలు మార్చారు. నేల దగ్గర 22 నుంచి 24 మధ్య నిలిచింది. టబ్బులో పది సెంటీమీటర్ల లోతున సైప్రస్ చెట్టు చెక్క పొట్టు, కొబ్బరి పొట్టు కలిపి పోశారు, ఒక సగం తడి, ఒక సగం పొడి. తడి వైపు నాచు కుక్కిన డబ్బా. తడి అంటే పిడికిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీటిబొట్టు రాలకూడదు. అంతకు మించితే పొట్ట పొలుసుల మీద పొక్కులు లేస్తాయి.

మేత విషయంలో చేసిన తప్పు పూర్తిగా పెరిగిన చుంచు పెట్టడం. మాండరిన్లు కలుగుల్లో దూరి గూట్లో ఉన్న పిల్లల్ని తింటాయి. 25 గ్రాముల చుంచును చూస్తే చాలావరకు వెనక్కి తగ్గుతాయి. ఒక్కోటి ఐదారు గ్రాముల ఎలుక పింకీలు, అంటే వెంట్రుకలు రాని పసి పిల్లలు మూడు, చీకటి పడ్డాక తడి డబ్బాలో వదిలి మూత వేశారు. పటకారుతో ఊపలేదు. చోటు మార్చిన తొమ్మిదో రాత్రి రెండు పోయాయి, మూడోది మిగిలింది. వారానికి రెండేసి, తర్వాత మూడేసి. సెప్టెంబరు ఆఖరుకి 305 గ్రాములు.

చలికాలపు తప్పు కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. మొదటి ఏడాది మ్యాట్లు కట్టేసి వదిలేసిన పై గది జనవరిలో కూడా 17 కంటే దిగలేదు. 17 డిగ్రీలు ఎటూ కాని వేడి. మేత అరిగించుకోవడానికి చాలదు, ఒళ్ళు నిద్రలోకి జారుకోవడానికి ఎక్కువ. పాము తిరుగుతూనే ఉంటుంది, కండ కరుగుతూనే ఉంటుంది. కార్న్ దీన్ని తట్టుకుంది. నిజానికి దానికి పెద్ద చలి లేకపోయినా జత కడుతుంది. మాండరిన్ వసంతంలోకి అడుగుపెట్టేసరికే చిక్కి ఉంది, ఆపైన ఎండ తగిలింది.

టెక్సాస్ ర్యాట్ స్నేక్: కొవ్వు, గుడ్లు

పిల్లగా ఉన్నప్పుడు ఈ నాలుగింటిలోకీ కయ్యానికి కాలు దువ్వేది ఇదే. తోక కొసను ఎండుటాకుల మీద ఆడించి గలగలలాడిస్తుంది, కరుస్తుంది, పట్టుకుంటే కంపు ద్రవం వదులుతుంది. రెండు మూడేళ్ళు పద్ధతిగా హుక్‌తో ఎత్తుతూ పోతే చాలావరకు సాధువైపోతుంది. మేత మీద మాత్రం ఎప్పటికీ అదే ఆత్రం, ఏం పెట్టినా కాదనదు. లావెక్కేది అందుకే.

ఈ ఆడపాము నాలుగున్నరేళ్ళది, 1,250 గ్రాములు, మొదటి కాన్పు. వారం వారం మీడియం ఎలుక. పాము ఒళ్ళు అడ్డకోతలో బ్రెడ్ ముక్కలా ఉండాలి, పైన గుండ్రం, కింద చదును. మేత లేనప్పుడు కూడా పొలుసుల మధ్య తోలు తెల్లగా కనపడినా, తోక మొదట్లో రెండు పక్కలా ఉబ్బులున్నా అది కొవ్వే. ఇక్కడ రెండూ ఉన్నాయి. "బద్ధకం" అని రాసుకున్నది ఆ బరువునే.

గుడ్లు పెట్టే డబ్బా ఇవ్వలేదు. కార్న్ ఆడది తన దాక్కునే డబ్బాలోనే పెట్టేసింది కాబట్టి ఇదీ పెడుతుందనుకున్నారు. దీనికి టబ్బులో తడిగా దొరికిన చోటు నీళ్ళ గిన్నె ఒక్కటే. మొత్తం 12 పెడితే అందులో 7 నీళ్ళలో మునిగి పోయాయి. ఆఖరి గుడ్డు తర్వాత పొట్ట కింది మూడో వంతులో రెండు ఉబ్బులు చేతికి తగిలాయి.

ఇక్కడ పెంపకందారు చేసిన మంచిపని, వేళ్ళతో కిందికి తోసే ప్రయత్నం చేయకపోవడం. అలా నొక్కితే గుడ్డు లోపలే పగలొచ్చు, అండనాళం చిట్లొచ్చు. ఒక రాత్రి 28 డిగ్రీల దగ్గర తడి నాచు డబ్బాలో వదిలారు, రాలేదు. 48 గంటలు దాటకముందే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రే తీసి, చర్మం గుండా సూది పెట్టి గుడ్డులోని ద్రవం లాగేశారు. కుంచించుకుపోయిన రెండు గుడ్లూ మర్నాడు వాటంతట అవే బయటికొచ్చాయి. ఆలస్యమైతే గుడ్డు గట్టిపడి సూదికి కూడా లొంగదు, కోసి తీయాల్సి వస్తుంది.

ఇప్పుడు దాని మేత 60 గ్రాముల చిన్న ఎలుక, 16 రోజులకోసారి. మరుసటి ఏడాది జత కట్టించలేదు, కట్టించకూడదు కూడా. జతలోని మగది లూసిస్టిక్, అంటే పూర్తి తెల్లటిది. ఆ వంశాల్లో కళ్ళు బయటికి పొడుచుకొచ్చిన పిల్లలు పుట్టడం తెలిసిన లోపమే. అలాంటి కళ్ళున్న మగదాన్నీ, దాని పిల్లల్నీ జతకు వాడకుండా పక్కన పెట్టడం మేలు. ఈ మగదాని కళ్ళు బాగానే ఉన్నాయి. గిన్నె బయట పెట్టిన ఐదు గుడ్లలో నాలుగు పొదిగాయి. నాలుగు పిల్లలూ మొదటి కుబుసం విడిచిన మూడో రోజుకే పింకీ లాగేసుకున్నాయి, పటకారును కూడా కరిచాయి.

కార్న్: గుడ్లు తేలిక, పిల్లల మేతే కష్టం

ఆడదానికి మూడేళ్ళు, మూడడుగులు, 300 గ్రాములు నిండాకే జత కట్టించాలన్నది ఈ రంగంలో పాత లెక్క, ఇప్పటికీ చెల్లుతుంది. గుడ్లకు ముందు ఒక కుబుసం విడుస్తుంది. దాని తర్వాత 8 నుంచి 14 రోజుల్లో గుడ్లు. ఇక్కడ 18 వచ్చాయి. ఒకటి పసుపు రంగు, చిన్నది, మైనంలా గట్టిది. అది పొల్లు గుడ్డు. మిగతా 17ను పెట్టినవి పెట్టినట్టే, పైభాగాన పెన్సిల్‌తో గీత పెట్టి, తిప్పకుండా పెట్టెలోకి మార్చారు. పెట్టెలో తడి పట్టి ఉంచే వర్మిక్యులైట్ అనే ఖనిజపు పొట్టు, నీళ్ళు తూకానికి సమం, 300 గ్రాములకు 300. 82 ఫారన్‌హీట్, అంటే దాదాపు 28 డిగ్రీలు. 32కి చేరితే వెన్ను వంకర్లు వస్తాయి. ఆఖరి రెండు వారాల్లో గుడ్లు సొట్టపడటం మామూలే. మొదటి నెలలోనే సొట్టపడితే తడి తగ్గినట్టు.

59వ రోజు మొదటి చీలిక. మూతి బయట పెట్టిన పిల్ల ఒకటి రెండు రోజులు గుడ్డులోనే ఉండి మిగిలిన సొన పీల్చుకుంటుంది. ఈ టైములో లాగితే సొన సంచి తెగి చస్తుంది. 16 బయటికొచ్చాయి, ఒకటి గుడ్డులోనే పోయింది.

కార్న్‌లో అసలు పరీక్ష ఇప్పుడు. ఆరేడు గ్రాముల పిల్ల, అడవిలో తొలి మేత ఎక్కువగా బల్లులూ కప్పలే. పింకీని మేతగా గుర్తుపట్టని పిల్లలు ప్రతి ఈతలోనూ కొన్ని ఉంటాయి. ఇక్కడ 12 తిన్నాయి, 4 తినలేదు. చేసిన వరస: మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ కప్పులో తడి కాగితం, కరిగించిన పింకీ, రాత్రంతా చీకట్లో. తినకపోతే ఐదు రోజుల ఎడం. రోజూ ప్రయత్నిస్తే పిల్ల బెదిరిపోతుంది. రెండోసారి వాసన లేని సబ్బుతో పింకీని కడిగి పెట్టారు. మూడోసారి బ్లేడుతో పింకీ నుదుటి మీద చిన్న గాటు పెట్టి, లోపలి ద్రవం మూతికి అంటేలా చేశారు. దీనికి రెండు పిల్లలు తిన్నాయి. నాలుగోసారి నెల రోజులు ఫ్రీజర్‌లో ఉంచిన అనోల్ బల్లి తోలుతో పింకీని రుద్దారు, మూడో పిల్ల తినేసింది. పచ్చి బల్లి వాడితే దాని పురుగులు పాముకి పట్టుకుంటాయి. నాలుగో పిల్ల 51వ రోజు పోయింది.

ఒక మాట. కార్న్ పిల్లలు సంతలో కావలసినదానికంటే ఎక్కువే ఉన్నాయి. 15 పిల్లలకు ఇళ్ళు దొరకడానికి ఈయనకు మార్చి దాకా పట్టింది. అన్నాళ్ళూ వారానికి 15 పింకీలు, 15 డబ్బాలు. గుడ్లు పెట్టించే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

జత కాని జత

బ్యూటీ "జత" కార్డులో ఏప్రిల్ 9న "జత కట్టాయి" అని ఉంది. వీడియో కూడా ఉంది. రెండూ ముందు సగం పైకెత్తి, ఒకదాన్నొకటి పెనవేసుకుని, ఒకటి రెండోదాని తలను కిందికి నొక్కుతోంది. మన దగ్గర పొలం గట్ల మీద జెర్రిపోతులు ఇలా చేస్తే పేపర్లలో "పాముల సయ్యాట" అని ఫొటో వేస్తారు. అది చాలాసార్లు రెండు మగపాముల బలపరీక్ష. జత కట్టేటప్పుడు మగది ఆడదాని వీపు మీద గడ్డం ఆనించి నేల మీదే పాకుతుంది, తోకలు కలుస్తాయి, తలలు పైకి లేవవు. ఈ వీడియోలో తోకలు ఎక్కడా కలవలేదు.

ఆడదో మగదో తేల్చడానికి ప్రోబ్ అనే కడ్డీతో చూశారు. నూనె రాసిన సన్నటి ఉక్కు కడ్డీని మలద్వారం పక్క నుంచి తోక వైపు, ఏమాత్రం బలం పెట్టకుండా జారవిడవాలి. ఆడదైతే రెండు నుంచి నాలుగు పొలుసుల దగ్గర ఆగుతుంది. రెండింటికీ తొమ్మిది పొలుసుల దాకా వెళ్ళింది. రెండూ మగవే. చిన్నది మేత తక్కువ తింటోందని రాసుకున్నదానికీ కారణం దొరికింది, పెద్దదాని ఒత్తిడి. రెండింటినీ వేరు చేశాక చిన్నది మూడు నెలల్లో 140 గ్రాములు పెరిగింది. ఆడది అని అమ్మినవారి మాట మీద జత కలపకూడదు, ప్రోబ్ చేయడం తెలిసినవారితో చూపించుకున్నాకే కలపాలి.

రెండో చలికాలం

మాండరిన్లకు ఈసారి వైన్ కూలర్ కొన్నారు. అక్టోబరు 25న ఆఖరి మేత. తర్వాత మూడు వారాలు మామూలు 23 దగ్గరే ఉంచారు. కడుపు ఖాళీ కాకుండా చల్లబరిస్తే లోపలి మేత కుళ్ళుతుంది. నవంబరు మధ్య నుంచి వారానికి మూడు డిగ్రీల చొప్పున దించి 11 దగ్గర ఆపారు. విడి డబ్బాలు, చీకటి, తాజా నీళ్ళు. వారానికోసారి తలుపు తీసి గాలి మార్చడం, నెలకోసారి తూకం. పదో వంతుకు మించి తగ్గితే బయటికి తీసేయాలని ముందే గీత గీసుకున్నారు. ఆడది 11 వారాల్లో 9 గ్రాములే తగ్గింది. మొదటి చలికాలపు 17 డిగ్రీలతో పోల్చండి.

ఫిబ్రవరి మొదటి వారంలో అలాగే మెల్లగా పైకి తెచ్చారు. మేత మొదలయ్యాక కుబుసం, కుబుసం తర్వాత జత. మే ఆఖరున ఐదు గుడ్లు, తడి నాచు డబ్బాలోనే. ఒకటి పొల్లు. మిగతా నాలుగూ 25 డిగ్రీల దగ్గర పొదిగాయి. కార్న్ గుడ్ల పెట్టెలోనే ఒక మూల సర్దేద్దామన్న ఆలోచన వచ్చింది గానీ మానుకున్నారు. 28 దీనికి ఎక్కువ.

55వ రోజు నాలుగూ బయటికొచ్చాయి. మూడు పిల్లలు తడి నాచులో కప్పిన పింకీని మూడో ప్రయత్నంలో తిన్నాయి. నాలుగోది పూర్తి పింకీ ముట్టడం లేదు. పింకీ తోక, వెనక కాలు కోసి తడి నాచు అంచున పెడితే రాత్రికి మాయమవుతున్నాయి. ఐదు రోజులకోసారి అలాగే పెడుతున్నారు. తూకం తగ్గడం ఆగి 8 గ్రాముల దగ్గర నిలబడింది.